రెక్కలు లేని రోదసీ నౌక

పిల్లలూ! విశాఖపట్నం నుంచి మనకు ఒక ఉత్తరం వచ్చింది. రాసినవాడు ఎనిమిదో తరగతి చదువుతున్న అబ్బాయి. వాళ్ల నాన్నకు పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల కొట్టు ఉన్నది. బడి వదలగానే అబ్బాయి కొట్టుకు వచ్చి, గోనె సంచుల మీద కూర్చుని పాఠాలు చదువుకుంటాడు. పాఠాలు అయిపోతే బొమ్మలు వేస్తాడు. ఉత్తరంతోబాటు అలాంటి బొమ్మ ఒకటి పంపించాడు. లెక్కల నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద నీలి సిరాతో వేసిన బొమ్మ అది.

బొమ్మలో ఉన్నది ఒక రోదసీ నౌక. పొడుగ్గా, నున్నగా, ముక్కు సూదిగా ఉన్నది. తోకలోంచి మంట వస్తున్నది. లోపల ముగ్గురు మనుషులూ, ఒక కుక్కా, ఒక వంటగదీ ఉన్నవి. వంటగది గోడకు ఆనుకుని ఒక పెద్ద పెట్టె. దాని మీద "అణు రియాక్టరు" అని రాసి ఉన్నది.

ఉత్తరంలో అబ్బాయి ఇలా రాశాడు: "మా వూళ్లో అణుశక్తితో నడిచే జలాంతర్గామి కట్టారు. దాని యంత్రానికి గాలి అక్కర్లేదు. రోదసిలోనూ గాలి లేదు. అందుకని ఆ యంత్రాన్నే నా నౌకలో పెట్టేశాను. మా క్లాసులో ఒకడు చూసి, ఇది కథల్లోనే ఎగురుతుంది, నిజంగా ఎగరదు అన్నాడు. అందరూ నవ్వారు. వచ్చే నెల బడిలో సైన్సు ప్రదర్శన. దీన్ని అట్టతో చేసి పెట్టనా, మాననా?"

చూశారా! ఈ అబ్బాయి ఊరికే బొమ్మ వేయలేదు. తన వూళ్లో ఉన్న వస్తువును చూసి, దానికి ఒక కారణం చెప్పి మరీ వేశాడు. నవ్వినవాళ్లు ఎగరదన్నారు గాని, ఎందుకు ఎగరదో ఒక్కరూ చెప్పలేదు. కనక ముందు అబ్బాయి చెప్పిన కారణాన్నే చూద్దాం.

విశాఖ సముద్రతీరానికి వెళ్లినవాళ్లు ఇసుక ఒడ్డున నిలబెట్టిన 'కుర్సురా' జలాంతర్గామిని చూసే ఉంటారు. 1969లో మన నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసి, 2002 నుంచి అక్కడ ప్రదర్శనశాలగా ఉంటున్నది. అది డీజిలుతో నడిచేది. డీజిలు మండాలంటే గాలి కావాలి. నీటి అడుగున గాలి ఎక్కడ? అందుచేత లోపల ఉన్నంతసేపు బ్యాటరీలతో నడిచి, అవి అయిపోవచ్చేసరికి పైకి వచ్చి, గాలి పీల్చుకుని, డీజిలు యంత్రాలు తిప్పి, బ్యాటరీలు నింపుకుని మళ్లీ మునగవలసిందే.

అణుశక్తి జలాంతర్గామికి ఈ బాధ లేదు. దానిలో మండేది ఏమీ లేదు. యురేనియం పరమాణువుల గర్భాలు చీలినప్పుడు వేడి పుడుతుంది. దానికి ప్రాణవాయువుతో పని లేదు. మన దేశం మొదట సోవియట్ యూనియన్ నుంచి అలాంటి జలాంతర్గామి నొకదాన్ని అద్దెకు తెచ్చి, 'చక్ర' అని పేరు పెట్టి, 1988 నుంచి 1991 దాకా నడిపింది. ఆ తర్వాత మనమే కట్టుకున్నాం. విశాఖలో కట్టిన 'అరిహంత్' 2009 జూలై 26న కొబ్బరికాయ కొట్టించుకుని నీళ్లలో దిగింది. దాని రియాక్టరు రాజుకున్నది 2013 ఆగస్టులో. దాని చెల్లెలు 'అరిఘాత్' 2024 ఆగస్టులో అదే విశాఖలో నౌకాదళంలో చేరింది. పూర్ణా మార్కెట్లో పుట్టి పెరిగినవాడికి ఇవి ఇరుగుపొరుగు కబుర్లే గదా!

కాబట్టి గాలి అక్కర్లేదన్న మాట నిజం. అబ్బాయి తప్పు అక్కడ లేదు. ఆ జలాంతర్గామికి గాలి అక్కర్లేదు గాని, మరొకటి తప్పకుండా కావాలి. అది ఎప్పుడూ చుట్టూనే ఉంటుంది కనక మన కంటికి ఆనదు. అదేమిటో తెలుసుకోవటానికి మళ్లీ పూర్ణా మార్కెట్టుకే వెళదాం రండి.

ఉత్తరం జేబులో పెట్టుకుని ఒకనాటి పొద్దున్నే నేను అక్కడికి వెళ్లాను. కూరగాయల వాళ్లు తోటకూర కట్టల మీద నీళ్లు చల్లుతున్నారు. పూలబుట్టలు దిగుతున్నవి. టీ కొట్టు మనిషి ఒక గ్లాసు పైకెత్తి, ఇంకొకటి కిందికి దించి, మూరెడు పొడుగున టీ తిరగబోస్తున్నాడు. ఎందుకంటారా? చల్లారటానికి. టీ గాలికి తగిలి తన వేడిని గాలికి ఇచ్చేస్తుంది. వేడెక్కిన గాలి తప్పుకుంటుంది, కొత్త గాలి వస్తుంది. దీన్ని సంవహనం అంటారు. ఆ టీ గ్లాసును నేను పట్టుకోగానే వేళ్లు కాలినవి. వేడి గాజులోంచి నేరుగా నా చేతికి పాకింది. ఇది వహనం.

కొంచెం ముందుకు పోతే స్టీలు సామాన్ల కొట్టు ఉన్నది. అక్కడ ఫ్లాస్కులు వరసగా పెట్టి ఉన్నవి. ఒకటి చేతిలోకి తీసుకుని, "ఇందులో టీ ఎంతసేపు వేడిగా ఉంటుందండీ?" అని అడిగాను.

"పొద్దున్న పోస్తే సాయంత్రానికీ నాలిక కాల్తాదండి బాబూ. లేపోతే తెచ్చీయండి, మార్సేస్తాను," అన్నాడు కొట్టాయన.

"లోపల ఏముందని అంత వేడి నిలుస్తుంది?"

"ఏటీ నేదండి. అదే దాని గొప్ప!" అని ఆయన నవ్వాడు.

కొట్టాయన పరిహాసంగా అన్నా, పాఠ్యపుస్తకంలో ఉన్న మాటే అన్నాడు. ఫ్లాస్కుకు రెండు గోడలు ఉంటవి. రెంటి మధ్యనా ఉన్న గాలిని లాగేసి, సీలు చేస్తారు. అక్కడ మిగిలేది శూన్యం. 1892లో జేమ్స్ డ్యూవర్ అనే స్కాట్లండు శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టాడు. వేడి పాకిపోవటానికి అక్కడ పదార్థం లేదు. మోసుకుపోవటానికి గాలి లేదు. లోపలి వేడి లోపలే ఉంటుంది.

ఇప్పుడు అబ్బాయి బొమ్మ చూడండి. ఆ నౌక చుట్టూ ఏమున్నది? ఏటీ నేదు! లక్షల మైళ్ల శూన్యం. చాలామంది రోదసి చల్లగా ఉంటుందనీ, అక్కడ వేడి వస్తువు క్షణంలో గడ్డకట్టిపోతుందనీ అనుకుంటారు. సినిమాల్లో కూడా అలాగే చూపిస్తారు. నిజానికి రోదసిలో ఉన్న నౌక ఫ్లాస్కులో పోసిన టీ లాంటిది. దాని పొట్టలో రియాక్టరు పెట్టటమంటే, ఫ్లాస్కులో టీ పోసి, మూత బిగించి, లోపల పొయ్యి కూడా వెలిగించినట్టు.

జలాంతర్గామిలో జరిగేది ఏమిటి? రియాక్టరులో పుట్టిన వేడితో నీరు ఆవిరవుతుంది. ఆవిరి టర్బయిను చక్రాన్ని తిప్పుతుంది. తిప్పిన తర్వాత ఆ ఆవిరిని మళ్లీ నీరుగా చేసి పంపితేనే పని సాగుతుంది. నీరుగా మార్చాలంటే దాని వేడి ఎవరైనా పుచ్చుకోవాలి. పుచ్చుకునేది సముద్రం. గొట్టాలలోంచి ఉప్పునీరు చల్లగా వచ్చి, కాస్త వెచ్చబడి బయటికి పోతుంది.

వేడినంతా పనిగా మార్చుకోకూడదా అని మీకు తోచవచ్చు. వీలుపడదు. అది యంత్రం చేసినవాళ్ల చేతకానితనం కాదు, ప్రకృతి పెట్టిన నియమం. విశాఖ జిల్లాలకు కరెంటు పంపే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రాన్ని తలచుకోండి. నీరు ఎత్తు నుంచి పల్లానికి పడితేనే అక్కడి చక్రాలు తిరుగుతవి. పడిన నీరు ముందుకు పోవాలి. వేడి కూడా అంతే. ఎక్కువ వేడి నుంచి తక్కువ వేడికి పడేటప్పుడే పని చేస్తుంది. ఆ పల్లం లేకపోతే యంత్రం లేదు. జలాంతర్గామికి పల్లం బంగాళాఖాతం.

ఇక కొంచెం లెక్క వేద్దాం. అరిహంత్ రియాక్టరు 83 మెగావాట్లదని పత్రికల్లో వచ్చింది. లెక్క తేలికగా ఉండేందుకు మనం 100 మెగావాట్ల వేడి పుట్టించే రియాక్టరు అనుకుందాం. అందులో నాలుగోవంతు, అంటే 25, పనికి వచ్చిందనుకుందాం. మిగిలిన 75 మెగావాట్లు పారబోయవలసిన వేడి. సముద్రపు నీటిని 5 డిగ్రీలు మాత్రమే వెచ్చబెట్టి ఈ వేడిని వదిలించుకోవాలంటే, సెకనుకు సుమారు 3,750 కిలోల నీరు గొట్టాలలోంచి పోవాలి. 15 లీటర్ల బిందెలైతే సెకనుకు 250 బిందెలు. మీరు "ఒకటి" అనేలోపల 250 బిందెలు! సముద్రానికి ఇదొక లెక్క కాదు.

మరి అబ్బాయి నౌకకు సముద్రం ఏదీ? నీళ్లు మోసుకుపోతే? 100 టన్నుల నీళ్లు పట్టుకుపోయి, మరగబెట్టి, ఆవిరిని బయటికి వదిలామనుకోండి. చంద్రుని మీద నడిచిన అపోలో యాత్రికుల వీపుల మీది పెట్టెలు కొంచెం ఇలాగే నీటిని ఖర్చుపెట్టి వాళ్లను చల్లగా ఉంచినవి. ఒక మనిషి వంటి వేడికి అది చాలుతుంది. 75 మెగావాట్లకు మాత్రం, ఆ 100 టన్నులూ 50 నిమిషాలలో హరించుకుపోతవి. అంగారకుడి దగ్గరకు ప్రయాణం నెలల తరబడి. ఆ తర్వాత? నౌకలో ముందు గాలి వేడెక్కుతుంది, తర్వాత గోడలు వేడెక్కుతవి. ముగ్గురు మనుషుల గతీ, కుక్క గతీ నేను రాయను.

అయితే ఆ క్లాసు కుర్రవాడే గెలిచాడా? ఆగండి. పూర్ణా మార్కెట్లో ఇంకా చూడవలసింది ఉన్నది.

వానాకాలం సాయంత్రాలలో కుంపటి మీద మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతారు గదా! ఆ కుంపటికి బారెడు దూరంలో నిలబడి చూడండి. ముఖం మీద వేడి తగులుతుంది. గాలి అటు నుంచి ఇటు వీచకపోయినా తగులుతుంది. మధ్యలో ఒక అట్టముక్క అడ్డం పెట్టండి, వెంటనే ఆగిపోతుంది. ఇది గాలి తెచ్చిన వేడి కాదు, నిప్పుల నుంచి కిరణాలుగా వచ్చిన వేడి. దీన్ని వికిరణం అంటారు. సూర్యుడి వేడి కోట్ల మైళ్ల శూన్యం దాటి మన మాడు మీదికి వస్తున్నది ఈ దారినే. ఫ్లాస్కు లోపలి గోడలను అద్దంలా మెరిపించేది కూడా ఈ చిన్న దారిని మూసేయటానికే. రోదసీ నౌకకు మిగిలింది ఈ ఒక్క దారే. కాబట్టి మన నౌక అద్దంలా మెరవకూడదు. కుంపటిలా వేడిని నలువైపులా వెదజల్లాలి. అందుకు దానికి వెడల్పైన పలకలు కావాలి.

ఇది ఊహ కాదు. మనుషులు కాపురం ఉంటున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తెల్లని పలకలు బయటికి చాచి ఉన్నవి. వాటి గొట్టాలలో అమ్మోనియా పారుతూ, కేంద్రంలోని వేడిని పలకలకు తెచ్చి ఇస్తుంది. ఫోటోలలో సూర్యఫలకాలు మాత్రం అందరి కంటా పడతవి. ఈ పలకలను ఎవరూ పట్టించుకోరు. అవి వదిలించేది సుమారు 70 కిలోవాట్లు. మన నౌక వదిలించుకోవలసింది దానికి వెయ్యి రెట్లు.

ఎంత పలక కావాలి? ఇక్కడ ఒక చమత్కారం ఉన్నది. వేడిమిని సున్నాకు కింద 273 డిగ్రీల నుంచి కొలిస్తే, దాన్ని రెట్టింపు చేసినప్పుడు పలక వెదజల్లే వేడి రెట్టింపు కాదు, 16 రెట్లు అవుతుంది. పలకను మన విశాఖ సముద్రమంత వెచ్చగా, అంటే 27 డిగ్రీల దగ్గర ఉంచితే, రెండు పక్కలా వేడి వెదజల్లినా 75 మెగావాట్లకు సుమారు 22 ఎకరాల పలక కావాలి. 127 డిగ్రీలకు పెంచితే 7 ఎకరాలు. 527 డిగ్రీలకు పెంచితే సుమారు 44 సెంట్లు చాలు! అంత వేడి దగ్గర లోహం చీకట్లో అప్పుడప్పుడే సన్నగా ఎర్రబడుతుంది.

అలాగైతే ఇంకా వేడి చేద్దామంటారా? మాచ్‌ఖండ్ సంగతి మరిచిపోకండి. పలక వేడెక్కిందంటే పల్లం ఎత్తయినదన్న మాట. పల్లం ఎత్తయితే పడే ఎత్తు తగ్గుతుంది, యంత్రం చేసే పనీ తగ్గుతుంది. పనిని నిలబెట్టాలంటే పైఎత్తును, అంటే రియాక్టరు వేడిమిని, ఇంకా పెంచాలి. అప్పుడు లోహాలు మెత్తబడతవి. పలక చిన్నది కావాలంటే యంత్రం ఏడుస్తుంది, యంత్రం సుఖపడాలంటే పలక ఎకరాలకు ఎకరాలు పెరుగుతుంది. అణు నౌకను నిజంగా గీయటానికి కూర్చున్న ప్రతి ఇంజనీరూ ఈ రెంటి మధ్యనే నలిగాడు.

కథలు రాసేవాళ్లకూ, సినిమాలు తీసేవాళ్లకూ ఇది తెలియదని కాదు. 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాలో 'డిస్కవరీ' అనే అణు నౌక ఉన్నది. కథ రాసిన ఆర్థర్ క్లార్కుకు పలకల సంగతి బాగా తెలుసు. మొదటి నమూనాలలో అవి ఉండేవి కూడా. కాని రోదసిలో రెక్కలేమిటని ప్రేక్షకులు అనుకుంటారేమోనని తీసేశారు! అట్లా ప్రపంచంలోకెల్లా శ్రద్ధగా ఆలోచించి చేసిన నౌక కూడా మన పూర్ణా మార్కెట్ నౌకలాగే రెక్కలు లేకుండా ఎగిరింది. 2009లో వచ్చిన 'అవతార్' సినిమాలో నౌకకు మాత్రం పెద్ద పెద్ద పలకలు పెట్టారు. చూసినవాళ్లలో ఎందరు వాటిని గుర్తించారో!

టింటిన్ బొమ్మల కథలు చదివినవాళ్లకు ఎర్ర తెల్ల గళ్ల రాకెట్టు జ్ఞాపకం ఉంటుంది. ఎర్జే అనే బెల్జియం చిత్రకారుడు 1950లలో వేసిన ఆ రాకెట్టుకూ పలకలు లేవు. కాని ఆయన ఒక మంచి జాగ్రత్త తీసుకున్నాడు. నేల మీద నుంచి లేచేటప్పుడూ, మళ్లీ దిగేటప్పుడూ అణుయంత్రం వాడకుండా మామూలు యంత్రం పెట్టాడు. ఈ జాగ్రత్త ఎంత అవసరమో కొంచెం సేపట్లో చెబుతాను.

నిజంగా ఎవరైనా చేశారా అన్నది అసలు ప్రశ్న. చేశారు. 1965 ఏప్రిల్ 3న అమెరికా 'స్నాప్-10ఎ' అనే చిన్న రియాక్టరును భూమి చుట్టూ తిప్పింది. అందులో 30 కిలోవాట్లకు పైగా వేడి పుడితే, విద్యుత్తు వచ్చింది సుమారు 500 వాట్లు. అంటే ఐదారు ఫ్యానులకు సరిపడేంత. మిగతాదంతా పారబోసిన వేడే! అందుకే ఆ ఉపగ్రహం ఒళ్లంతా శంకువు ఆకారంలో ఉన్న వేడిపలకగా చేశారు. 43 రోజులు నడిచాక రియాక్టరు ఆగిపోయింది. తప్పు రియాక్టరుది కాదు, ఉపగ్రహంలోని ఒక విద్యుత్ పరికరానిది. అది ఇప్పటికీ పైన తిరుగుతూనే ఉన్నది.

వేడి బాధను తప్పించుకునే ఉపాయం కూడా ఒకటి ఆలోచించారు. రియాక్టరులోంచి ద్రవ హైడ్రోజనును పంపి, బాగా వేడెక్కించి, తోకలోంచి వదిలేస్తే? వేడి తీసుకుపోయేదీ అదే, నౌకను ముందుకు తోసేదీ అదే. ఇది సముద్రాన్ని తొట్టెలో పోసి వెంట తీసుకుపోవటమే. అమెరికాలో 1955 నుంచి 1973 దాకా నడిచిన పథకంలో, నెవాడా ఎడారిలో ఇలాంటి యంత్రాలను నేలకు బిగించి పరీక్షించారు. 1968 జూన్‌లో వాటిలో ఒకటి 4,000 మెగావాట్లు దాటి, 12 నిమిషాల పాటు నడిచింది. మనం అనుకున్న రియాక్టరుకు 40 రెట్లు! అయినా అది కరిగిపోలేదు, ఎందుకంటే వేడినంతా హైడ్రోజను ఎత్తుకుపోయింది. కాని ఒక్కటి కూడా రోదసికి వెళ్లలేదు. 1973లో డబ్బు ఆపేశారు.

అబ్బాయి నౌక తోకలో మంట ఉన్నది కనక, అతను వేసింది ఇదేనేమో అనుకుని సంతోషించాను. కాని నౌకంతా వెతికినా హైడ్రోజను తొట్టె లేదు. వంటగది ఉన్నచోటల్లా తొట్టె ఉండాలి. పైగా ఈ తొట్టె సముద్రం కొద్దిసేపటికే అయిపోతుంది. అప్పుడు రియాక్టరును ఆపితే సరా? పొయ్యి ఆర్పినట్టు రియాక్టరు చటుక్కున ఆరదు. చాలాకాలం నడిచిన రియాక్టరును ఆపిన క్షణాన కూడా దాని శక్తిలో ఆరేడు శాతం వేడి పుడుతూనే ఉంటుంది. అది గంటలు, రోజులు గడిచినకొద్దీ తగ్గుతుంది. ఆ వేడికైనా పలకలు ఉండాలి.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. వేడినీళ్లతో పని కనక అమ్మనో, నాన్ననో దగ్గర ఉండమనండి. మూడు చోట్ల సమానంగా వేడినీళ్లు పోయండి: ఒక ఫ్లాస్కులో, బల్ల మీద పెట్టిన స్టీలు గ్లాసులో, చన్నీళ్ల పళ్లెంలో నిలబెట్టిన మరొక స్టీలు గ్లాసులో. పావుగంట తర్వాత చూడండి. పళ్లెంలో ఉన్నది జలాంతర్గామి. ఫ్లాస్కులో ఉన్నది రోదసీ నౌక. బల్ల మీద ఉన్నది మన వంటింటి సామాను.

ఇక టింటిన్ రాకెట్టు జాగ్రత్త సంగతి. సోవియట్ యూనియన్ రియాక్టర్లు అమర్చిన ఉపగ్రహాలను చాలా పంపింది. వాటిలో 'కాస్మోస్-954' అనేది అదుపు తప్పి, 1978 జనవరి 24న కెనడా ఉత్తరభాగాన పడింది. దాని తునకలు, అణుధూళితో సహా, వందల మైళ్ల మేర మంచు మీద చెదిరినవి. ఆ చలిలో మనుషులు నెలల తరబడి తునకలు వెతికారు. చివరికి సోవియట్ ప్రభుత్వం కెనడాకు 30 లక్షల డాలర్లు ఇచ్చుకున్నది. అది జనసమ్మర్దం లేని చోటు కాబట్టి సరిపోయింది. పూర్ణా మార్కెట్ లాంటి చోట పడితే ఏమయ్యేదో! వాడని యురేనియం అంత ప్రమాదకరం కాదు. రియాక్టరు నడిచిన తర్వాతనే అందులో భయంకరమైన విషాలు పుడతవి. అందుకని రాకెట్టు నేల విడిచేటప్పుడు రియాక్టరు నిద్రపోతూ ఉండాలి. తిరిగి కింద పడటానికి వందల ఏండ్లు పట్టేటంత ఎత్తుకు చేరాకనే దాన్ని లేపాలి.

మన దేశం కూడా ఈ దారిలో ఒక బుడిబుడి అడుగు వేసింది. 2023లో చంద్రయాన్-3ను చంద్రుడి దాకా మోసుకుపోయిన వాహనంలో, రేడియోధార్మిక పదార్థంతో వేడి పుట్టించే చిన్న పెట్టెలు రెండు పెట్టారు. ఒక్కొక్కటి ఒక్క వాటు. రాత్రి గదిలో వేసుకునే చిన్న బల్బుపాటి శక్తి!

నేను ఇవన్నీ రాసి, బొమ్మ వెనక్కు పంపిస్తూ, అబ్బాయికి రెండు మాటలు చెప్పాను. నౌకకు రెక్కలు పెట్టమన్నాను. వంటగది పక్కనుంచి రియాక్టరును తీసి దూరంగా పెట్టమన్నాను. జలాంతర్గామిలో రియాక్టరుకూ మనుషులకూ మధ్య బరువైన అడ్డుగోడలు ఉంటవి. నీళ్లలో తేలేదానికి బరువు అంత బాధ కాదు. రోదసీ నౌకకు ప్రతి కిలో భారమే. అందుకని రియాక్టరును చుట్టూ మూసేయరు. దాని ముందు గొడుగులాంటి మందపాటి అడ్డు ఒకటి పెట్టి, ఆ గొడుగు నీడలో, పొడుగాటి స్తంభానికి రెండోకొసన మనుషులు ఉంటారు. 'డిస్కవరీ' నౌక అంత పొడుగ్గా ఉండటం ఇందుకే.

పదిహేను రోజులకు మారుబొమ్మ వచ్చింది. ఈసారి నౌక నున్నగా లేదు. గాలి లేనిచోట ముక్కు సూదిగా ఎందుకని అతనే తీసేశాడు. ఒక కొసన రియాక్టరు, దాని ముందు గొడుగు, ఆ తర్వాత పొడుగాటి స్తంభం, రెండో కొసన గుండ్రని ఇల్లు. ఇంట్లో ముగ్గురు మనుషులూ, కుక్కా క్షేమంగా ఉన్నారు. స్తంభానికి అటూ ఇటూ రెండే రెక్కలు. నాలుగు పెడితే ఒకదాని వేడి ఇంకొకదాని మీద పడుతుందని పక్కన రాశాడు. ఈ సంగతి నేను చెప్పలేదు. కుంపట్లు పక్కపక్కన పెట్టుకునే పొత్తులవాళ్లను చూసి తెలుసుకున్నాడట.

రెక్కలు చదరంగా లేవు. రియాక్టరు దగ్గర సన్నగా మొదలై, మనుషుల వైపు వచ్చేకొద్దీ వెడల్పయినవి, గాలిపటం తోకముక్కలాగా. ఎందుకలా అని మొదట నాకు అర్థం కాలేదు. గొడుగు నీడ కూడా దూరం పోయినకొద్దీ వెడల్పవుతుంది గదా! రెక్క ఆ నీడ దాటి బయటికి వస్తే, రియాక్టరు కిరణాలు దానికి తగిలి చెదిరి, మనుషుల మీదికి తిరిగి వస్తవి. నిజమైన ఇంజనీర్లు కూడా రెక్కలను ఆ నీడలోనే కత్తిరిస్తారు.

ప్రదర్శనకు అట్ట రెక్కలు చాలవనీ, కొట్టాయన పాత స్టీలు రేకు ఇస్తానన్నాడనీ ఉత్తరంలో రాశాడు. ఆ రేకు అద్దంలా మెరుస్తుందనీ, దానికి ముందు నల్లరంగు పూయాలనీ కింద గీత గీసి మరీ రాశాడు.